నెల్లికుదురు దగ్గర స్విచ్

భూపాలపల్లి,
14-4-1985, ఆదివారం

చెల్లె సుగుణకు,

నిన్న మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు మహిపాల్ నా దుకాణానికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు.

జీపులో వచ్చాడు. కలప కోసం సామిల్లుకు వస్తే వాళ్లు నా దగ్గరికి పంపారట. నేను ఒక గిటార్‌కు రాగితీగ చుడుతున్నాను. ఎడమ చేయి బల్ల కింద ఉంది, బయటికి తీయలేదు. నాకు గడ్డం ఉంది, కళ్లద్దాలు ఉన్నాయి, పదహారేళ్లు గడిచాయి. ఇక్కడ అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు కాబట్టి వాడు పేరు అడగలేదు.

"ఎసొంటి గిటారైనా చేస్తవట గద మేస్త్రీ?" అన్నాడు. గోడ మీది ఫోటోలు చూపించాను. ములుగు బ్యాండు వాళ్లకు బస్సు సీటు కింద పట్టేలా తల లేని బేస్ గిటార్ చేశాను, తీగలు బిగించే బిరడాలు దాని అడుగున ఉంటాయి. పరకాలలో ఒకాయనకు పొట్ట అడ్డం వస్తుందంటే గిటార్ వీపు పళ్లెంలా తొలిచి ఇచ్చాను. అవన్నీ చూసి నవ్వి, జేబులోంచి బడి అట్లాసు కాగితం తీశాడు. తెలంగాణ పది జిల్లాల చుట్టూ ఎర్ర పెన్సిలు గీత ఉంది.

"గీ పటం ఆకారంల గావాలె. మే ఇరవయ్యారున జనగామ మార్కెట్ యార్డుల అరవైతొమ్మిది ఉద్యమకారులకు సన్మానం పెడ్తున్నం. నేను గప్పటి లీడర్‌ను. ఎరికేనా?"

ఎరికే అన్నాను.

జనగామ ఉన్న చోట సౌండు పెంచే గుండీ పెట్టమన్నాడు. ఒప్పుకున్నాను. బావను అడిగానని చెప్పు. ఈ సంగతి మాత్రం చెప్పకు.

మీ అన్న,
ముత్యం

*

మానుకోట,
19-4-1985

అన్నా,

నీ ఉత్తరాన్ని స్కూల్లో టీచర్ల గదిలో విప్పాను. రెండో వాక్యం దగ్గర మడిచి సంచిలో పెట్టుకుని, మిగతాది ఇంటికొచ్చి చదివాను. ఏడో తరగతి పేపర్లు దిద్దాల్సినవి అరవై ఉన్నాయి, ఒక్కటీ ముట్టుకోలేదు.

ఆ సంగతి నువ్వు నాకు ఒక్కసారే చెప్పావు, నేను ఒక్క ముక్క మర్చిపోలేదు. నెల్లికుదురు తండాలో తావుర్యా ఇంట్లో దాక్కున్న నాలుగోనాడు పొద్దున పోలీసు జీపు వచ్చింది. ముందు సీట్లో మహిపాల్ ఉన్నాడు. మీరిద్దరూ ఒకే కాలేజీ, ఒకే కమిటీ. నువ్వు గిటార్ వాయిస్తే వాడు ఉపన్యాసం ఇచ్చేవాడు. నిన్ను వెనక సీట్లోకి తోస్తుంటే నువ్వు తలుపు చట్రం పట్టుకున్నావు. వాడు దిగి వచ్చి నీ చేతిని చూసి తలుపు వేశాడు. "చూసి వేసిండు" అని నువ్వు రెండుసార్లు అన్నావు. నీ ఉంగరం వేలు, చిటికెన వేలు అక్కడే పోయాయి.

ఇప్పుడు వాడు లీడరు. తెలంగాణ పటాన్ని మెడకు తగిలించుకుంటాడు.

ఏం చేయబోతున్నావో నాకు రాయి. ఏమీ చేయకపోతే అదీ రాయి. ఆ చేత్తో ఊరికే వాడికి గిటార్ చేసి ఇచ్చేట్టయితే మాత్రం నాకు ఉత్తరం రాయకు.

సుగుణ

*

భూపాలపల్లి,
25-4-1985

చెల్లె సుగుణకు,

ఏం చేయబోతున్నావని అడిగావు. గిటార్ చేస్తున్నాను.

ఒంటికి ఏగిస చెక్క, మెడకు జిట్రేగి. మెడ ఆదిలాబాద్ దగ్గర అతుకుతుంది. బరువంతా మహబూబ్‌నగర్ వైపు పడుతోంది, అక్కడ లోపల గుల్ల చేశాను. ఖమ్మం మొన కూర్చుంటే తొడకు గుచ్చుతుంది కాబట్టి నిలబడే వాయించాలి. ఇంకొక సంగతి వాడికి ముందే చెప్పాను. భుజానికి తగిలిస్తే పటం పక్కకు తిరుగుతుంది, చూసేవాళ్లకు ఆదిలాబాద్ తూర్పున, మహబూబ్‌నగర్ పడమటన కనబడతాయి. "పబ్లిక్‌కు గంత ఎవడు చెప్తడు తీ" అన్నాడు.

తీగల కింద పెట్టే అయస్కాంతాలు పాత లౌడ్‌స్పీకర్లలోవి. చుట్టిన రాగితీగ కాలిపోయిన ఫ్యానుది, ఏడు వేల చుట్లు. ఊరి బయట బొగ్గు కోసం బోర్లు వేస్తున్నారు. ఆ మిషన్ దిగినప్పుడల్లా బల్ల అదిరి తీగ తెగుతోంది. రెండుసార్లు మొదటి నుంచి చుట్టాను.

నేను గిటార్ వాయించే తీరు నీకు తెలుసు. వేళ్లు పోయినప్పటి నుంచి తిప్పి పట్టుకుంటాను. కుడి చేత్తో నొక్కుతాను, ఎడమ చేతి మూడు వేళ్లతో మీటుతాను. అందుకే నా అచ్చులన్నీ ఎడమవాటానివి. వేరేవాళ్లకు చేసేటప్పుడు అచ్చు బోర్లించి గీస్తాను. వాడి కోసం కూడా బోర్లించి గీశాను.

ఒక పని ఉంది. బావ డ్యూటీ మీద జనగామ పోయినప్పుడు మార్కెట్ యార్డులో వేదిక దగ్గర కరెంటుకు ఎర్త్ ఉందో లేదో చూడమను. ఎర్త్ లేకపోతే గిటార్ గుంయ్‌మంటుంది. మైకు స్టాండు ఇనుప రేకుల మీద ఉంటుందో, కర్ర మీద ఉంటుందో కూడా చూడమను. ఎందుకని అడిగితే గుంయ్ సంగతే చెప్పు.

ముత్యం

*

మానుకోట,
1-5-1985

అన్నా,

బావ చూసి వచ్చాడు. ఎర్త్ లేదు, మైకు స్టాండు ఇనుప రేకుల మీద. అది చెప్పి నా ముఖం చూసి, "మీ అన్న గిటార్ చేస్తున్నడా, కరెంటు కుర్చీ చేస్తున్నడా?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. రైల్వే సిగ్నళ్లలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న మనిషి, ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? "ఒక చెయ్యి తీగల మీద, మూతి మైకు మీద. ఎర్త్ లేనికాడ మనిషే ఎర్త్" అన్నాడు. ఆర్కెస్ట్రా వాళ్లు మైకుకు దస్తీ చుట్టుకుని పాడేది అందుకేనట.

నీకు అబద్ధం రాయను. ముందు నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. సన్మానం మధ్యలో, అందరూ చూస్తుండగా వాడు పడిపోయినట్టు రెండు రోజులు ఊహించుకున్నాను. పేపర్లు కూడా చకచకా దిద్దాను.

నిన్న ఇంకొక సంగతి తెలిసింది. సన్మానం కోసం మహిపాల్ పెట్టిన ఆర్కెస్ట్రా మా క్వార్టర్ల వెనక షెడ్డులోనే ప్రాక్టీసు చేస్తోంది. మహిపాల్‌కు గిటార్ రాదు. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు. వేదిక మీద ఒక్కసారి మీటి, ఫోటో దిగి, వాయించేవాడి చేతికి ఇస్తాడట. మైకు ముందు నిలబడి పాడుతూ గంటసేపు వాయించేది వేరే మనిషి. అతని పేరు సక్రు. నెల్లికుదురు తండా. తావుర్యా కొడుకు.

నువ్వు అనుకుంటున్నది నేను అనుకుంటున్నదే అయితే ఆపెయ్యి. కాకపోతే బావనూ నన్నూ తిట్టి ఒక ఉత్తరం రాయి. ఆ తిట్ల కోసం చూస్తుంటాను.

సుగుణ

*

భూపాలపల్లి,
5-5-1985

చెల్లె సుగుణకు,

తిట్టడానికి ఏమీ లేదు. బావ సరిగ్గానే చెప్పాడు.

వాయించేది సక్రు అని నాకు తెలియదు. తెలిసింది కాబట్టి నీకొక సంగతి చెప్తాను, ఇంతవరకు చెప్పలేదు. తలుపు వేశాక జీపు కదిలింది. నా చేతికి ఎవరో తువ్వాల చుట్టారు. మహిపాల్ వెనక్కి తిరిగి ఇట్లా అన్నాడు: "మమ్మల్ని తిట్టకు ముత్యం. నువ్వు ఏడున్నవో తావుర్యానే చెప్పిండు."

నాలుగు రోజులు అతని ఇంట్లో జొన్నరొట్టె తిన్నాను. అక్కడ ఉన్నానని అతనికి తప్ప ఎవరికీ తెలియదు. నా గిటార్ కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయింది, ఇప్పటిదాకా వెనక్కి రాలేదు. ఇప్పుడు అతని కొడుకు మహిపాల్ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తున్నాడంటే, ఆ గిటార్ మీద నేర్చుకున్నవాడికి ఆ మనిషి దగ్గరే కొలువు దొరికిందన్నమాట. నాకు ఇందులో కొత్తగా అర్థం కావాల్సింది ఏమీ లేదు.

తలుపు వేసింది ఒకడు. చోటు చెప్పింది ఇంకొకడు. తీగల మీద ఎవరి చేయి పడితే వాళ్లది. మొదట మీటేది మహిపాలే కదా.

గిటార్ ఒంటికి లక్క పూత మూడోసారి వేశాను. గిటార్ సౌండు వచ్చే కరెంటు బాక్సు కూడా నాదే పంపుతున్నాను. ఎర్త్ తీగ కలపడం లేదు. ఇంతకంటే రాయను. ఈ ఉత్తరం చించెయ్యి.

ముత్యం

*

మానుకోట,
9-5-1985

అన్నా,

తావుర్యా చెప్పలేదు. నేను చెప్పాను.

నువ్వు తండాకు చేరిన రెండోనాడు తావుర్యా పాసింజర్ ఎక్కి జనగామ వచ్చాడు. మన ఇంటి వెనక నిలబడి, "మీ అన్న మా ఇంట్ల పైలంగున్నడు బిడ్డా, అవ్వకు చెప్పు, ఇంకెవలకు చెప్పకు" అని, మంచినీళ్లు కూడా తాగకుండా పోయాడు. కాబట్టి అతనికి తప్ప ఎవరికీ తెలియదని నువ్వు అనుకున్నది తప్పు. నాకూ అవ్వకూ తెలుసు.

మరునాడు మహిపాల్ వచ్చాడు. అవ్వ ఇంట్లో లేదు. వాడు మన ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడో నీకు తెలుసు. చేతిలో గిటార్ తీగల ప్యాకెట్ ఉంది. నీ గిటార్ తీగ ఒకటి తెగిందన్న నీ బాధ మాకందరికీ తెలుసు. "హైదరాబాద్ నుంచి తెప్పిచ్చిన చెల్లె. గాడికి పంపాల్నంటే ఏడున్నడో ఎరుక కావాలె గద" అన్నాడు. ఆ ప్యాకెట్ నా చేతిలో పెట్టాడు. నేను చెప్పాను. తండా పేరు, తావుర్యా పేరు, ఇంటి ముందు చింతచెట్టు ఉంటుందని కూడా. వాడు ప్యాకెట్ తిరిగి తీసుకుని, "నేనే అందిస్త తీ" అన్నాడు.

దవాఖాన నుంచి వచ్చాక నువ్వు చేసిన మొదటి పని నా తొమ్మిదో తరగతి పుస్తకాలకు అట్టలు వేయడం. కట్టు కట్టిన చేత్తో కాగితం మడుస్తూ కూర్చున్నావు. ఆ రోజు చెప్పలేకపోయాను. తర్వాత ఏ రోజూ చెప్పలేకపోయాను. నువ్వు తావుర్యాను అనుమానిస్తున్నావని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. తెలిస్తే అప్పుడే చెప్పేదాన్నని రాయాలని ఉంది. చెప్పేదాన్నో లేదో నాకే తెలియదు.

సక్రుకు ముప్పయి లోపే. భార్య పేరు రాజీ. మొన్న ఆమె మా పంపు దగ్గర నీళ్లు పట్టుకుంది.

చోటు చెప్పినవాళ్లకు శిక్ష పడాలనుకుంటే ఆ చోటు చెప్పింది నేను.

సుగుణ

*

కార్డు

మానుకోట,
15-5-1985

అన్నకు,

వారం అయ్యింది, బదులు లేదు. నాతో మాట ఆపేశావని అర్థమైంది. ఎందుకని అడిగే నోరు నాకు లేదు. సక్రుకు మాత్రం ఈ రోజు చెప్తున్నాను, ఆ గిటార్ ముట్టవద్దని. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

సుగుణ

*

భూపాలపల్లి,
18-5-1985

చెల్లె సుగుణకు,

నీ ఉత్తరం 13న అందింది. 14న మొదటి బస్సు ఎక్కాను. బదులు రాయనిది కోపంతో కాదు, నేను నెల్లికుదురులో ఉన్నాను. నీ కార్డును నేను తిరిగొచ్చాక చూశాను.

తావుర్యా ఇంటి ముందు చింతచెట్టు ఇప్పుడు లేదు. అతను వాకిట్లో తాడు పేనుతున్నాడు. "ఎవలు?" అన్నాడు. పేరు చెప్పాను, వినపడలేదు. ఎడమ చేయి చాపాను. చేతిని చూసి, పట్టుకుని, వదలకుండా అన్నాడు: "పదారేండ్లు పట్టిందా బిడ్డా, జనగామ కాడి నుంచి నెల్లికుదురు రానికి?"

అతని ఎడమ చెవి వినపడదు. నన్ను తీసుకుపోయిన రోజే అతన్నీ తీసుకుపోయారు. ఉద్యమం మనిషిని దాచాడని రెండు రోజులు ఉంచి కొట్టారు. చోటు చెప్పింది నువ్వేనని మహిపాల్ అన్నాడని చెప్పాను. ముసలాయన తాడు కింద పెట్టాడు. "నేనే చెప్తె నన్నెందుకు కొడ్తరు?" అన్నాడు. పదహారేళ్లలో ఈ ఒక్క ప్రశ్న నేను వేసుకోలేదు.

నా గిటార్ దూలానికి గోనెసంచిలో వేలాడుతోంది. అతని భార్య గోరీ ఏడాదికోసారి కానుగ నూనె రాసి పెట్టిందట. జనగామలో మన ఇంటికి రెండుసార్లు తెచ్చారట, మనం అప్పటికే ఇల్లు మారాం. "తీగలు మాత్రం మా సక్రు మార్చిండు. దాని మీదనే నేర్సిండు. కోపం జెయ్యకు" అంది. తావుర్యా చెవి సంగతి మహిపాల్‌కు తెలుసు. సక్రు ఎవరి కొడుకో మాత్రం వాడు ఎన్నడూ అడగలేదట. నా పేరు అడగలేదు కదా, అట్లానే. తండ్రి చెవి పోగొట్టినవాళ్లను తెచ్చింది ఎవరో సక్రుకు కూడా ఆ రోజే తెలిసింది. అతను గట్టి మనిషి. లోపలికి పోయి, మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, నేను ఏం చెప్తే అది చేస్తానన్నాడు.

నీ గురించి. అప్పుడు నీకు పదిహేనేళ్లు. తీగల ప్యాకెట్ చూపిస్తే నీ చోట నేనున్నా చెప్పేవాడిని. కానీ నువ్వు చెప్పకపోయేసరికి పదహారేళ్లు నేను ఒక మంచి మనిషిని ద్రోహి అనుకున్నాను, వారం కిందట అతని కొడుకును చంపడానికి సిద్ధమయ్యాను. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది కొట్టెయ్యలేను.

ఎర్త్ తీగ కలిపాను. బాక్సుకూ కలిపాను. టెస్టరుతో మూడుసార్లు చూశాను. ఇక సక్రు ముట్టినా భయం లేదు, ముట్టవద్దన్నది ఎందుకో నువ్వు అతనికి చెప్పనక్కరలేదు.

మహిపాల్‌ను క్షమించానని అనుకోకు. కరెంటు అయితే ఒక్క లిప్తలో వాడికి తెలియకుండానే అయిపోతుంది. వాడికి తెలియాలి. జనగామ తెలుసుకోవాలి, వాడి ఊరు తరిగొప్పులలో వాడి వాళ్లూ తెలుసుకోవాలి. అందుకని గిటార్‌లో మూడు మార్పులు చేశాను.

పటం మార్చలేదు. మెడ ఊడదీసి, తీగలు ఆనే మెట్టు కొత్తగా కోసి, ఎడమవాటానికి తీగలు ఎక్కించాను. బోర్లించిన అచ్చును మళ్లీ వెల్లకిలా తిప్పినట్టు. కుడివాటం మనిషి ఎవరూ దాన్ని వాయించలేడు. సక్రు కూడా వాయించలేడు. జనగామ దగ్గర గుండీ ఉంది, వాడు అడిగిందే. ఎంత తిప్పినా దానితో సౌండు రాదు. సౌండు రావాలంటే స్విచ్ నొక్కాలి. ఆ స్విచ్ నెల్లికుదురు ఉన్న చోట ఉంది. పైకి ఇత్తడి మేకులా కనబడుతుంది.

నిన్న మహిపాల్ వచ్చాడు. మెడకు తగిలించుకుని అద్దంలో చూసుకున్నాడు. ఏ తీగ ఎటు ఉందో చూడలేదు. "గీ ఇత్తడి మేకేంది?" అన్నాడు. అక్కడ చెక్కలో బుడిపె ఉందన్నాను. "మంచిగున్నది" అని, అచ్చు వేయించిన కరపత్రం ఒకటి నా బల్ల మీద పెట్టాడు. చివరి వరుస నీకు ఎత్తి రాస్తున్నాను: "ఈ అపురూప గిటార్ నిర్మించిన మేస్త్రీకి శ్రీ మహిపాల్ గారి చేతుల మీదుగా శాలువా." కాబట్టి వేదిక మీదికి నన్ను వాడే పిలుస్తున్నాడు.

నాకు, తావుర్యాకు చెప్పడానికి ఒక్కో మాట ఉంది. నీకూ ఉంది. వాడు తెచ్చిన తీగల ప్యాకెట్‌ను కళ్లారా చూసింది నువ్వొక్కదానివే. వస్తావా రావా అని అడగడం లేదు. రాకపోతే రెండు మాటలతోనే చేస్తాం.

ముత్యం

*

మానుకోట,
21-5-1985

అన్నా,

వేదిక ఎక్కి, మైకు పట్టుకుని, నా వల్లనే మా అన్న దొరికాడని చెప్పాలి. క్లాసులో నలభై మంది ముందు రోజూ గొంతు చించుకునేదాన్ని, ఇది మాత్రం అద్దం ముందు కూడా అనలేకపోయాను. రేపటి నుంచి పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎట్లా చూస్తారో అనుకున్నాను. ఆ తర్వాత, పోలీసుల దెబ్బలు తిన్న ఆ రెండు రోజులు తావుర్యా ఏం అనుకుని ఉంటాడో అనుకున్నాను.

బావకు అంతా చెప్పాను. ఆయన సైకిలు గొలుసుకు నూనె వేయడం పూర్తిచేశాడు. తర్వాత తల ఎత్తకుండా, "ఆదివారం పాసింజర్ పన్నెండున్నరకు. మీ అన్నకు చెప్పు, నాకు గూడ కుర్చీ పట్టమని. కరెంటు కుర్చీ గాకుంట" అన్నాడు.

ఒక్క సందేహం. మైకు సెట్టు మహిపాల్‌ది. నువ్వు నోరు తెరవగానే ఆపిస్తే?

సుగుణ

*

భూపాలపల్లి,
24-5-1985, శుక్రవారం

చెల్లె సుగుణకు,

ఇది పోస్టులో వేయడం లేదు, సక్రు చేతికి ఇస్తున్నాను. గిటార్ కోసం జీపులో మనుషులతో పాటు వచ్చాడు.

మైకు ఆపితే ఆపనీ. బాక్సు నాది. దానికి గిటార్ కోసం ఒక రంధ్రం, ఇంకొక మైకు కోసం ఒక రంధ్రం పెట్టాను. ఆ మైకు సక్రు సంచిలో ఉంటుంది. బాక్సు పక్కన బావను కూర్చోమను. తీగ పీకడానికి ఎవడైనా వస్తే, అది రైల్వే వాళ్లదని చెప్పమను.

గిటార్‌ను జీపు వెనక సీట్లో పెట్టి తువ్వాల కప్పారు. తలుపు నేనే వేశాను. లోపల ఎవరి చెయ్యీ చట్రం మీద లేదని చూసి వేశాను.

ఆదివారం ఇట్లా జరుగుతుంది. ఆరున్నరకు సన్మానం మొదలు. ఆరూ నలభై అయిదుకు మహిపాల్‌కు దండ, ఆ తర్వాత వాడి ఉపన్యాసం. ఏడు గంటలకు గిటార్ మెడకు తగిలించుకుని మీటుతాడు, పలకదు. జనగామ తిప్పుతాడు, పలకదు. సక్రుకు ఇస్తాడు. సక్రు పట్టి చూసి, "గిది నాతోని గాదు సార్, చేసినాయననే పిలువుండ్రి" అని మైకులో అంటాడు. నేను వస్తాను. మహిపాల్ శాలువా కప్పి చెయ్యి కలపడానికి చేయి చాపుతాడు. నేను ఎడమ చేయి ఇస్తాను. వాడు దాన్ని పట్టుకున్నాక పేరు చెప్తాను. ఆ తర్వాత నెల్లికుదురు దగ్గర నొక్కి, అరవైతొమ్మిదిలో వాడి ఉపన్యాసాలకు ముందు వాయించిన పాటనే వాయిస్తాను. రెండు నిమిషాలు. ఏడూ అయిదుకు తావుర్యా లేస్తాడు.

నువ్వు ముందు వరుసలో అతని కుడి పక్కన కూర్చో, ఎడమ చెవి వినపడదు. అతను కూర్చున్నాక సక్రు రెండో మైకు నీ చేతికి ఇస్తాడు. ఏడూ పదికి నీ మాట.

ముత్యం